భీమశంకర్ గారు చేసిన బంపర్

డాలస్ పక్కనున్న మా ప్లేనో తెలుగువాళ్ళలో ఫోర్ వీల్ డ్రైవ్ బండి మొదట కొన్నది భీమశంకర్ గారు. ఎందుకు కొన్నారో ఆయన ఎప్పుడూ చెప్పలేదు, మేమూ అడగడం మానలేదు. ఊరంతా చదును. రోడ్డు దిగితే పత్తి చేలు, చేలు దాటితే మళ్ళీ రోడ్డు. "ఈ ఊళ్ళో అన్నిటికంటే ఎత్తైన కొండ చర్చి ముందున్న స్పీడ్ బ్రేకరే కదయ్యా, దానికి నాలుగు చక్రాలూ తిరగాలా?" అని మా ఆయన రామమోహన్ కనబడినప్పుడల్లా ఏడిపించేవారు. భీమశంకర్ గారు నవ్వి ఊరుకునేవారు. ఆయన జవాబులు చాలామటుకు అలాగే ఉండేవి.

అది సెకండ్ హ్యాండ్ బండి. ఆకుపచ్చ రంగు, ఎత్తైన చక్రాలు, వెనక తలుపుకి తగిలించిన స్పేరు టైరు. దాని అసలు పేరు ఏదైనా మేమంతా జీపు అనే అనేవాళ్ళం. చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని అందులోకి ఎక్కడం ఒక విద్య. నాకు ఆ విద్య అబ్బడానికి చాలాకాలం పట్టింది.

ఆయనది సామర్లకోట. తండ్రిగారికి బియ్యం మిల్లు ఉండేది. ఊక దుమ్ములో, మిల్లు బెల్టుల చప్పుడులో పెరిగిన మనిషి. కాలేజీలో చేరకముందే మిల్లు లారీ మీద డ్రైవింగ్ నేర్చేసుకున్నారట. కాకినాడలో ఇంజనీరింగ్ చదివి, ఓక్లహోమాలో ఎం.ఎస్. చేసి, డాలస్‌లో చమురు బావులకి పంపులు తయారుచేసే ఒక కంపెనీలో చేరారు. రోజంతా పంపుల బొమ్మలు గీయడమే ఉద్యోగం. ఇనుము గీయడమే తప్ప ముట్టుకునే పని లేదు. మనిషి సన్నగా, వెదురుబద్దలా ఉండేవారు. ఎవరింటికి వెళ్ళినా తలుపు గడియలూ, కుర్చీ కాళ్ళూ కదిపి చూసేవారు. మా ఇంట్లో ఊగే డైనింగ్ టేబుల్‌ని ఒకసారి భోజనం మధ్యలో, ఎడంచేత్తో, ఎవరూ అడక్కుండా బాగుచేసి పెట్టారు.

కొన్నది ఆయనే అయినా జీపు నడిపేది మాత్రం ఆయన భార్య గౌరి. ఆయన ఆఫీసుకి స్నేహితుల కార్లో కార్‌పూల్ చేసేవారు. జీపు గౌరికి వదిలేసేవారు. మా ఆడవాళ్ళలో మొట్టమొదట లైసెన్స్ తెచ్చుకున్నది గౌరి. ఇండియాలో ఉన్నన్నాళ్ళూ సైకిలు కూడా తొక్కలేదు. ఓక్లహోమాలో ఒక డ్రైవింగ్ స్కూలు ముసలాయన దగ్గర నేర్చుకుని, మొదటి టెస్టులోనే పాసై, ఆ తరవాత వెనక్కి తిరిగి చూడలేదు. గురువారం గురువారం మమ్మల్నందరినీ జీపులో ఎక్కించుకుని డాలస్ తీసుకెళ్ళేది. మాకు తెలిసిన ఒకే ఒక్క ఇండియన్ కొట్టు అక్కడుండేది. రైతుల మార్కెట్‌లో లేత బెండకాయలు దొరికేవి. వాటికంటే ముఖ్యం, ఆ వెళ్ళి వచ్చే దారిలో మేం నవ్వుకున్న నవ్వులు. మా ఆయన నన్ను బజారుకి తీసుకెళ్ళడమంటే వాచీ చూపిస్తూ తిప్పడం. గౌరితో వెళ్ళడమంటే వెళ్ళడం. ఆ తేడా మగవాళ్ళకి చెప్పినా అర్థం కాదు, నేను చెప్పి చూశాను.

1981 నవంబర్లో ఒక గురువారం సన్నగా తుంపర పడుతోంది. ఆ రోజు మిగతావాళ్ళకి పనులుండి మేమిద్దరమే వెళ్ళాం. బెండకాయలూ కరివేపాకూ కొనుక్కుని సెంట్రల్ ఎక్స్‌ప్రెస్‌వే పక్కనున్న సర్వీస్ రోడ్డు మీద తిరిగొస్తూ ఎర్ర లైటు దగ్గర ఆగాం. నేను పక్కన కూర్చుని గౌరి చేసిన గుత్తివంకాయ కూరకి వంకలు పెడుతున్నాను. వెనకనుంచి ఒక పికప్ ట్రక్ వచ్చి గుద్దింది. తడిరోడ్డు మీద బ్రేకు పట్టలేదట. ఆ నడిపినవాడు దిగి వచ్చి, పాపం, మళ్ళీ మళ్ళీ సారీ చెప్పాడు. నాకు ఒళ్ళో ఉన్న కరివేపాకు చెల్లాచెదురవడం తప్ప ఏమీ కాలేదు. గౌరికి మెడ పట్టేసింది. జీపు వెనకున్న క్రోమ్ బంపర్ రేకు ముక్కలా ముడుచుకుపోయింది. తలుపుకి తగిలించిన స్పేరు టైరు అద్దం పగలగొట్టుకుని వచ్చి వెనక సీట్లో పడింది. మామూలు గురువారమైతే ఆ సీట్లో ఇద్దరుండేవారు.

మెడకి పట్టీ వేశారు, కొన్ని వారాలకి తీసేశారు. మెడ బాగుపడింది కానీ మనిషి బాగుపడలేదు. జీపుకి కొత్త అద్దం వేయించి తెచ్చినా గౌరి దాన్ని ముట్టుకోలేదు. సరే, కొన్నాళ్ళు వేరేవాళ్ళ కార్లలో పక్క సీట్లో కూర్చుంటుందిలే అనుకున్నాం. అదీ కుదరలేదు. బండి కదులుతున్నంతసేపూ బాగానే ఉండేది. ఎర్ర లైటు దగ్గర ఆగి, వెనక ఇంకో బండి వస్తున్న చప్పుడు వినబడితే చాలు, ఊపిరి బిగబట్టేది. ఒకసారి మా కారులోంచి సిగ్నల్ దగ్గర తలుపు తీసుకుని దిగిపోయి, చెప్పులు టకటకలాడించుకుంటూ ఇంటిదాకా నడిచి వెళ్ళిపోయింది. ఆ తరవాత ఎక్కడికి పిలిచినా తలనొప్పి అనేది. భయమని మాత్రం అనలేదు. ప్లేనోలో బస్సు లేదు, రిక్షా లేదు, నడిచి వెళ్ళే కొట్టు లేదు. కారెక్కని మనిషికి ఆ ఊళ్ళో మిగిలేది ఇల్లొక్కటే. అంత హుషారైన మనిషి కిటికీలోంచి వీధి చూస్తూ కూర్చునేది.

భీమశంకర్ గారు ఏం చేశారంటే, కొలిచే టేపు పట్టుకుని జీపు కింద దూరారు.

ఆ మాట ఆయన మా ఇంట్లో పులిహోర తింటూ చెప్పారు. బంపర్ అన్నది దెబ్బ కాచుకోవాలి గానీ ఇదేదో అలంకారానికి పెట్టినట్టుందనీ, తనే ఇంకోటి తయారుచేస్తాననీ. స్పేరు టైరుని తలుపు మీదనుంచి తీసేసి, బంపర్‌కే ఒక ఇనప చెయ్యి పెట్టి దాని మీద నిలబెడతాననీ, అప్పుడు ఎవడు గుద్దినా టైరు లోపలికి రాదనీ. పులిహోర పళ్ళెంలో చెంచాతో బొమ్మ కూడా గీసి చూపించారు. మా ఆయన వింటున్నంతసేపూ విని, యుద్ధానికెళ్ళే ఉద్దేశమేమైనా ఉందా అని అడిగారు.

నాకు మాత్రం ఒళ్ళు మండింది. పెళ్ళాం అక్కడ బెంగపెట్టుకుని కూర్చుంటే ఈయన ఇనుము సంగతి మాట్లాడుతున్నాడేమిటి అనిపించింది. మొహాన అడిగేశాను.

"అన్నయ్యగారూ, వదినకి కావలసింది బంపర్ కాదు. ఆవిడది భయం. పక్కన కూర్చుని నాలుగు మాటలు మాట్లాడండి."

ఆయన పళ్ళెం కింద పెట్టి, "మాట్లాడాను వసుమతిగారూ. ఏం ఫరవాలేదు, మళ్ళీ జరగదు అన్నాను. జరగదని మీకెలా తెలుసు అని అడిగింది. నా దగ్గర ఆన్సర్ లేదు" అన్నారు.

ఆయనకి ఇంకొంచెం పులిహోర వడ్డించాను.

సాయంకాలాలు కమ్యూనిటీ కాలేజీలో వెల్డింగ్ క్లాసులో చేరారు. అక్కడ వాల్టర్ అనే భారీ మనిషి నేర్పేవాడు. భీమశంకర్ గారి మొదటి అతుకు చూసి, చూయింగ్ గమ్ నమిలి అంటించినట్టుందన్నాడట. ఆ సంగతి ఆయన మాకు గొప్పగా చెప్పుకున్నారు. గమ్ కనీసం అంటుకుంది కదా అని ఆయన సంతోషం.

తరవాత ఒక పాత వెల్డింగ్ మిషన్ సంపాదించి గరాజ్‌లో పెట్టారు. దానికి మామూలు ప్లగ్గు సరిపోదు. ఇంట్లో అంత కరెంటొచ్చే ప్లగ్గు బట్టలారబెట్టే డ్రయ్యర్‌ది ఒక్కటే. అందుకని ఆయన వెల్డింగ్ చేసిన రోజుల్లో గౌరి బట్టలు ఆరేవి కావు. తడిచీరలన్నీ పట్టుకెళ్ళి పెరట్లో చెక్క కంచె మీద పరిచేది. పసుపూ, ఎరుపూ, చిలకాకుపచ్చా కలిపి కంచె పొడుగునా ఆరుతుంటే పక్కింటి అమెరికావిడ వచ్చి, ఇవాళ మీకేం పండగ అని అడిగింది. "మా ఆయన గరాజ్ తెరిచారు, అదే పండగ" అని గౌరి చెప్పింది. చాలారోజుల తరవాత ఆవిడ నోట విన్న వేళాకోళం అది. నేను ఇంటికెళ్ళి మా ఆయనకి చెప్పుకుని సంబరపడ్డాను.

ముందు అట్టపెట్టెలు కత్తిరించి అట్టతోనే బంపర్ చేశారు. జీపు వెనక టేపు వేసి అంటించి, దూరంనుంచి చూసి, మళ్ళీ తీసి అంచులు సరిచేసి, నచ్చిందనుకున్నాక ఇనుము తెచ్చారు. లావుపాటి స్టీలు ఛానెల్ దూలం, పక్కలకి ప్లేట్లు, బండి చాసిస్ చట్రానికి పట్టుకునే బ్రాకెట్లు. ఇనుము అరగదీసే గ్రైండర్ పెడితే వీధంతా చెవులు మూసుకునేది. ఆఫీసులో చొక్కా చేతికి సిరా మరక అంటనివ్వని మనిషి గరాజ్‌లో నల్లటి మాస్కు పెట్టుకుని, చిల్లులు పడ్డ ప్యాంటుతో, మోకాళ్ళ మీద కూర్చుని నిప్పురవ్వల మధ్య కనబడేవారు. ఆ మాస్కు తీసినప్పుడు మొహం ఎంత వెలిగిపోతూ ఉండేదో. సామర్లకోట మిల్లులో ఫిట్టర్ల పక్కన తిరిగిన రోజుల తరవాత మళ్ళీ ఇన్నాళ్ళకి ఇనుము చేతికి తగిలిందని ఆయనే అన్నారు. మనిషి అంత ఆనందంగా ఉండటం చూసి నా కోపం కూడా మెల్లిగా చల్లారింది.

మొదటి బంపర్ వంకరపోయింది. ఒక చివర మొదలుపెట్టి రెండో చివరిదాకా ఆపకుండా అతికేశారు. ఆ వేడికి ఇనుము ఒక పక్కకి లాగేసి, అంత లావు ఛానెలూ అరటికాయలా వంగి కూర్చుంది. మా ఆయన చూడటానికి వచ్చి, మూలమలుపు రోడ్లకి బాగుంటుందన్నారు. భీమశంకర్ గారు దాన్ని పెరట్లోకి ఈడ్చేశారు. గౌరి దాన్ని ఇటుకల మీద ఎత్తి, తులసికుండీ, మిరపమొక్కలూ దాని మీద పెట్టుకుంది. ఆయన కొత్త ఇనుము తెచ్చి మళ్ళీ మొదలెట్టారు. ఈసారి ఇక్కడ కొంచెం, అక్కడ కొంచెం చిన్న చిన్న అతుకులు వేసి, చల్లారనిచ్చి, మధ్యలో కాఫీ తాగి, మళ్ళీ వేశారు. ఆ బంపర్ తిన్నగా వచ్చింది.

వేసవి మొదట్లో అంతా పూర్తయింది. నల్లరంగు వేశారు. దాన్ని జీపుకి బిగించే రోజున మా ఆయనా, ఇంకో ఇద్దరు స్నేహితులూ వచ్చి భుజాలు పట్టారు. బిగించాక మా ఆయన దాని మీదెక్కి గంతులేసి చూశారు, ఆయన బరువుకి బండి ఊగింది గానీ బంపర్ చలించలేదు. అందరూ స్పేరు టైరు చెయ్యి చూసి మెచ్చుకున్నారు. బంపర్ కుడిమూల కీలు, ఎడమమూల గొళ్ళెం. గొళ్ళెం తీసి లాగితే టైరుతో సహా ఆ చెయ్యి గేటులా కుడిపక్కకి తెరుచుకునేది, అప్పుడు బండి వెనకతలుపు తీసుకోవచ్చు. మగవాళ్ళు నలుగురూ వంతులవారీగా తెరిచి మూశారు. నలుగురూ ఇంజనీర్లే. ఎవరికీ ఏమీ తోచలేదు.

గౌరి మంచిరోజు చూసి బండికి పూజ చేసింది. బంపర్‌కి పసుపు రాసి కుంకుమబొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. అక్షింతలు వేసింది. నిమ్మకాయలు తొక్కించాలి కనక ఎవరో ఒకరు బండి కదపాలి. భీమశంకర్ గారు తాళాలు గౌరి వైపు చాపారు. ఆవిడ చూడనట్టు హారతిపళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆయన తనే ఎక్కి నిమ్మకాయలు తొక్కించి దిగారు. ఆయన మొహంలో అంత నిరుత్సాహం నేను అంతకుముందు చూడలేదు. ఎంతో కష్టపడి చేసింది బాగానే కుదిరింది, ఎందుకు చేశారో ఆ పని మాత్రం నెరవేరలేదు. నాకు ఏడుపొచ్చింది, ఎందుకైనా మంచిదని ప్రసాదం పంచుతూ తిరిగాను.

ఆ మరుసటి ఆదివారం పొద్దున్న నేను గౌరి ఇంట్లో ఉన్నాను. కాఫీ తాగుతున్నాం. భీమశంకర్ గారు జీపుని వీధిలోకి తీసి, ఇంటి ముందు కుడిపక్క ఫుట్‌పాత్ వారగా ఆపి, మమ్మల్ని బయటికి పిలిచారు. టైరు చెయ్యి ఎలా పనిచేస్తుందో గౌరి సరిగా చూడలేదట, చూపిస్తారట. బండి ఎక్కమని అడగలేదు. చూడమనే అడిగారు. గౌరి కాఫీ గ్లాసు పట్టుకునే వచ్చి గడ్డిలో నుంచుంది.

ఆయన ఎడమ మూలకి వెళ్ళి గొళ్ళెం తీశారు. చెయ్యి తెరుచుకుని ఫుట్‌పాత్ పక్కకి వచ్చి ఆగింది. మేమున్నవైపుకి బండివెనక భాగం పూర్తిగా మూసుకుపోయింది. సామాను తీయాలంటే అవతలివైపునుంచే తీయాలి. అవతలివైపంటే రోడ్డు. ఆయన రోడ్డులో నిలబడి, వచ్చే బండ్లకి వీపు పెట్టి, చెయ్యి కదలకుండా ఆపే పిన్ను వేయడానికి వంగారు. ఒక కారు హారన్ కొట్టుకుంటూ ఆయన్ని రాసుకున్నట్టే పోయింది. ఆయన చొక్కా ఎగిరింది. ఆయన తలెత్తలేదు.

"ఇటు రండి" అంది గౌరి.

వస్తాననీ, ఒక్క నిమిషమనీ, పిన్ను కొత్తది కదా బిగుసుకుందనీ అన్నారాయన. వీధి చివర ఒక సామాన్ల లారీ మలుపు తిరుగుతోంది. గౌరి దాన్ని చూసింది, ఆయన్ని చూసింది, మళ్ళీ ఇటు రమ్మంది. ఆయన పిన్ను మీద సుత్తి వేస్తున్నారు, ఆ చప్పుడులో వినబడినట్టు లేదు. గౌరి కాఫీ గ్లాసు నా చేతిలో పెట్టి, జీపు ముందువైపు చుట్టి వెళ్ళి, తలుపు తీసి, ఎక్కి, తాళం తిప్పింది. బండి ముందుకి కదిలింది. మెల్లిగానే వెళ్ళింది. కానీ వెనక చెయ్యి తెరిచే ఉంది, దాన్ని పట్టుకుని భీమశంకర్ గారు సుత్తితో సహా పరుగు. డ్రైవ్‌వేలోకి తిప్పేసరికి ఆ చెయ్యి బారుగా ఊగి వీధివారనున్న వాళ్ళింటి పోస్టు డబ్బాకి తగిలింది. డబ్బా స్తంభంతో సహా పచ్చగడ్డిలో పడుకుంది. బంపర్ మీద రంగు కూడా లేవలేదు. నేను రెండు చేతుల్లో రెండు కాఫీ గ్లాసులతో అలాగే నిలబడిపోయాను.

గౌరి దిగి ఆయన దగ్గరికి వచ్చింది. ఆ నవంబర్ తరవాత ఆవిడ గొంతు పెంచి మాట్లాడటం నేను మొదటిసారి విన్నాను.

"ఇది మీ సామర్లకోట కాదు. అక్కడ ఎడంపక్కకి దిగుతాం, ఇక్కడ కుడిపక్కకి. ఆ కీలు అటు పెట్టారేమిటి?"

ఆయన వెనక్కి తిరిగి బంపర్‌ని చూశారు. కుడిమూల చూశారు, ఎడమమూల చూశారు. తరవాత తన చేతుల్ని చూసుకున్నారు. పదేళ్ళుగా ఇక్కడ కుడిపక్కన బండి నడుపుతున్న మనిషే. కానీ గరాజ్‌లో ఇనుము పట్టుకున్నప్పుడు ఆ చేతులు మిల్లు లారీ చేతులే. లారీ ఎక్కడ ఆగినా ఎడంవైపే కదా దిగే నేల. మెచ్చుకున్న మగవాళ్ళంతా కూడా అటునించి వచ్చినవాళ్ళే కదా. గౌరి ఒక్కర్తే అక్కడ ఏ బండీ నడపలేదు. ఆవిడకి వచ్చిన రోడ్డు ఇదొక్కటే.

"నన్ను ఇనుము వెనకాల దాచిపెట్టి, మీరెళ్ళి రోడ్డులో నిలబడతారా?" అంది గౌరి. "మీకేమైనా అయితే నేనేం చేయను? ఆ బంపర్‌ని చూసుకుంటూ కూర్చోనా?"

అంటూనే ఏడ్చేసింది. ఇన్నాళ్ళూ లోపల దాచుకున్నదంతా డ్రైవ్‌వేలో, ఎండలో, పోస్టు డబ్బా పక్కన బయటపడింది. ఆ వేళ వెనకనుంచి దెబ్బ తగిలినప్పుడు తనకేమైందో చూసుకోకముందే వెనకసీటు వైపు చూశాననీ, అక్కడ టైరుందనీ, అక్కడ ఎవరైనా ఉండి ఉంటే అనే ఆలోచన అప్పట్నుంచీ వదలటం లేదనీ చెప్పింది. తన బండిలో కూర్చున్నవాళ్ళకి తనేం చేయగలదని అడిగింది. భీమశంకర్ గారు ఈసారి ఫరవాలేదని అనలేదు. సుత్తి కింద పెట్టి, "నాకూ అదే ఆలోచన వస్తుంది గౌరీ. ప్రతి రోజూ. అందుకే కదా ఈ గోలంతా" అన్నారు. నేను గ్లాసులు పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాను. అంత బుద్ధి నాకుంది.

నేను బయటికి వచ్చేసరికి ఇద్దరూ గరాజ్ మెట్టు మీద కూర్చుని ఉన్నారు. కీలు కోసి అవతలి మూల అతకాలని ఆయన చెబుతున్నారు. గౌరి కళ్ళు తుడుచుకుంటూ, అయితే డ్రయ్యర్ ప్లగ్గు తీసుకోండి, నా చీరలు కంచె మీద వేసుకుంటాను అంటోంది. డ్రైవ్‌వేలోకి బండి తనే నడిపి తెచ్చిందన్న సంగతి ఇద్దరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. నా నోరు ఊరుకున్న అరుదైన సందర్భాల్లో అదొకటి.

ఈసారి గౌరి గరాజ్‌లో స్టూలు వేసుకుని కూర్చుంది. ఆయన కీలు గీతలు గీస్తే ఆవిడ లేచి బండి వెనక నిలబడి, ఇక్కడ నేనున్నాను, ఇటు ఫుట్‌పాత్, ఇటు రోడ్డు అని నటించి చూపించేది. ఆయన బుద్ధిమంతుడిలా గీతలు మార్చుకునేవారు. కోసిన చోట కొంచెం మచ్చ మిగిలింది. రంగు వేసినా దగ్గరికెళితే కనబడేది. దాన్ని నున్నగా అరగదీస్తానంటే గౌరి వద్దంది. పోస్టు డబ్బాకి కూడా ఆయనే కొత్త ఇనప స్తంభం చేసి పాతారు. వీధిలో అంత గట్టి స్తంభం ఇంకెవరికీ లేదు.

జులైలో ఒక గురువారం పొద్దున్న మా ఇంటి ముందు జీపు హారన్ మోగింది. వెళ్ళి చూస్తే గౌరి స్టీరింగ్ దగ్గరుంది. భీమశంకర్ గారు ఆ రోజు సెలవు పెట్టారు. ఆయన దిగి నాకు ముందు సీటు చూపించి, తను వెనకసీట్లోకి ఎక్కారు. వద్దండీ, మీరు ముందు కూర్చోండి అన్నాను. లేదు లేదు, నేనిక్కడే ఉంటానన్నారు. ఆ పొడుగుకాళ్ళు మడిచి, మోకాళ్ళు గడ్డానికి తగులుతుంటే, సరిగ్గా ఆ టైరొచ్చి పడ్డచోట కూర్చున్నారు. తన అతుకులు గట్టివో కావో ముందు తనకే తెలియాలని ఆయన ఉద్దేశమై ఉంటుంది. గౌరికీ అర్థమైంది. గేరు వేసింది.

వెళ్ళేటప్పుడు పచ్చలైట్లే దొరికాయి. మార్కెట్లో బెండకాయలు ఏరుతూ గౌరి మామూలుగా బేరాలాడింది, నేను మామూలుగా అడ్డొచ్చాను. తిరిగి వస్తూ అదే సర్వీస్ రోడ్డు మీద అదే లైటు దగ్గరికి వచ్చేసరికి ఎర్రబడింది. గౌరి ఆగింది. వెనకనించి పెద్ద ట్రక్ వస్తున్న చప్పుడు, దాని బ్రేకులు కీచుమనడం వినబడింది. నా చేతులు నాకు తెలియకుండానే డాష్‌బోర్డ్ పట్టుకున్నాయి. తలుపు వైపు చూస్తుందేమోనని నేను ఆవిడనే చూస్తున్నాను. వెనకసీట్లో కదలిక వినబడి తల తిప్పాను. భీమశంకర్ గారు సీటు మీద మోకాళ్ళేసి వెనక్కి తిరిగి, వెనక అద్దానికి అడ్డంగా రెండు చేతులూ చాపారు. అంత ఇనుము అతికి పెట్టిన మనిషి, ఆ ట్రక్‌ని చేతుల్తోనే ఆపేలా ఉన్నారు.

గౌరి తలుపు వైపు చూడలేదు. తల కొంచెం పైకెత్తి ముందు పైనున్న చిన్న అద్దంలోకి చూసింది.

"ఏమండీ, కూర్చోండి" అంది. "మీ తల అడ్డొచ్చి వెనక బండ్లు కనబడటం లేదు."

ఆయన ముందుకి తిరిగి కూర్చున్నారు. లైటు పచ్చబడింది. వెనకవాడు హారన్ కొట్టకముందే గౌరి బండి కదిలించింది.